రెండు చుక్కల నూనె

భోజనాల బల్ల. దాని మీద గుండ్రంగా పరిచిన బొమ్మరైలు పట్టాలు, మధ్యలో పాత దినపత్రిక, పత్రిక మీద జానెడు ఇంజను. ఇటు మామగారు, అటు అల్లుడు, నడుమ కూతురు. గోడ గడియారంలో నాలుగు కావడానికి పావుగంట ఉంది.

"నీ మొగుడికి చెప్పమ్మా, అది సీసా మూత కాదు, అలా మెడ పట్టుకుని తిప్పడానికి."

"విన్నారుగా? సీసా మూత కాదట."

"విన్నానని చెప్పు మీ నాన్నగారికి. నేను దాన్ని తిప్పలేదని కూడా చెప్పు. బోర్లా పడుకోబెట్టానంతే."

"నాన్నా, తిప్పలేదట. బోర్లా పడుకోబెట్టారట."

"బోర్లా పెట్టేముందు కింద మెత్తటి గుడ్డ వెయ్యాలని తెలీదటా? పొగగొట్టం వంగిపోదూ?"

"గుడ్డ వేశానని చెప్పు. కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తుందని మాత్రం చెప్పొద్దులే. ఊరికే అనుకున్నాను."

"కళ్ళజోడు మాట నాకు వినపడిందని చెప్పు."

"అబ్బబ్బ! మీ ఇద్దరి మధ్యా రెండు మూరల దూరం లేదు. ఆయన మాట నీకు వినపడుతుంది, నీ మాట ఆయనకి వినపడుతుంది. ఇంకా మధ్యలో నేనెందుకు నాన్నా?"

"వినడం వేరు, మాట్లాడటం వేరు. మాట్లాడనని అన్నాను గానీ చెవులు మూసుకుంటానని అనలేదు."

"నా గొంతు వింటున్నావా అసలు? తుప్పుపట్టిన గేటు తీసినట్టు లేదూ? డాక్టరమ్మ ఏమడిగిందో తెలుసా? 'మీరు టీచరా, పాటలు పాడతారా?' అంది. 'బట్టలు కుడతానండీ' అన్నాను. 'కుట్టేవాళ్ళకి చేతికి కాయలు కాయాలి గానీ గొంతులో ఎందుకు కాశాయి?' అంది. ఏం చెప్పమంటావ్?"

"చల్లటి నీళ్ళు తాగానని చెప్పాల్సింది."

"ఉన్నదే చెప్పాను. మా ఇంట్లో ఇద్దరు మగాళ్ళున్నారు, తొమ్మిదేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసేది నేనే అని. ఆవిడ చీటీ మీద రాసుకుంది."

"ఏమని?"

"'జబ్బుకి కారణం: ఇంట్లోవాళ్ళు' అని."

"చూశావా, నన్ను కూడా కలిపేసింది ఆవిడ. మీ నాన్నగారి పేరు ఒక్కటే రాయాల్సిందని చెప్పు."

"నేనేం చెప్పను. నాలుగు కొట్టే దాకే నా నోరు. ఆ తర్వాత మూడు వారాలు ఒక్క మాట లేదు. గుసగుస కూడా కూడదంది. మాటవరసకి కూడా మాట రాకూడదు. వచ్చిందంటే కాయలు కోసి తియ్యాలి, తీశాక గొంతు మళ్ళీ వస్తుందో రాదో తను హామీ ఇవ్వలేనంది. ఇదిగో పలక, ఇదిగో బలపం. నాకేం కావాలో రాస్తాను. మీకేం కావాలో మీరే ఒకళ్ళనొకళ్ళు అడుక్కోండి."

"మూడు వారాలు నోరు మూసుకోవడం నాకేం కష్టం కాదు. ముప్పై నాలుగేళ్ళు నిజం రైళ్ళు నడిపినవాణ్ణి. ఇంజనులో ఒక్కణ్ణే కూర్చుని రాత్రీ పగలూ..."

"ఒక్కడివే ఎక్కడ నాన్నా, పక్కన బొగ్గు వేసే ఆయన ఉండేవాడుగా. ఆయన కూడా నీతో మాట్లాడేవాడు కాదా?"

"ఇంజను చప్పుడులో ఏం వినపడుతుంది!"

"అదృష్టవంతుడాయన అని చెప్పు."

"చెప్పను. ఇంకేం చెప్పను. నాన్నా, ఆ రోజు నువ్వు ఏం ఒట్టు పెట్టుకున్నావో ఇంకోసారి చెప్పు. నా గొంతుండగా వింటాను."

"ఒట్టులో మార్పేం లేదు. నువ్వు పుట్టిన ఏడు కొన్న ఇంజను అది. నేను డ్యూటీకెళ్తే మీ అమ్మ దాన్ని తిప్పి, మీ నాన్న ఇదిగో ఈ మలుపు దాకా వచ్చాడు, అదిగో ఆ మలుపు దాటాడు అని నీకు అన్నం తినిపించేది. అలాంటిదాన్ని, పెళ్ళయిన మూడోనాడు ఇంటికొచ్చిన కొత్తల్లుడు ఊరికే ఉండలేక నూనె పోసి తగలబెట్టాడు. పాడుచేసినవాడు తన చేత్తో బాగుచేసి, నా కళ్ళముందు పట్టాల మీద తిప్పి చూపించేదాకా వాడితో మాట్లాడనన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను."

"రెండు చుక్కలు! రెండే చుక్కలు వేశానని చెప్పవోయ్! తొమ్మిదేళ్ళుగా చెప్తున్నాను, రెండు చుక్కలకి ఏ మోటారూ తగలబడదు."

"రెండు చుక్కలట, రెండు చుక్కలు. మిల్లుల్లో ఏనుగంత మోటార్లకి తీగ చుట్టే చెయ్యి అది. ఆ చేతికి చుక్కంటే చెంబుడు. బొటనవేలంత మోటారుకి చెంబుడు నూనె పోస్తే పొగ రాక సాంబ్రాణి వస్తుందా?"

"పొగ వస్తే అంత కంగారెందుకని అడుగు. ముప్పై నాలుగేళ్ళు పొగలోనే కూర్చున్నారుగా."

"పొగ గొట్టంలోంచి రావడం వేరు, చక్రాల్లోంచి రావడం వేరు అని చెప్పు!"

"చాలు. తొమ్మిదేళ్ళ కిందటి పొగ ఇప్పుడొద్దు. ఏమండీ, విప్పండి. నాలుగయ్యేలోపు ఆ ఇంజను తిరగాలి."

"అసలు చేతికిస్తే ఎప్పుడో తిప్పేవాణ్ణని చెప్పు. ఏడాదికి రెండుసార్లు పాడవుతుంది, రెండుసార్లూ చంకలో పెట్టుకుని వీధి చివర గడియారాలాయన దగ్గరికి పరుగు. ఇంట్లో మోటార్లు చుట్టేవాణ్ణి నేనుండగా!"

"చెయ్యంటే గడియారాలాయనదే. ఆయన చేతిలోంచి వస్తే ఇంజను వెన్నలా పోయేది. పైగా అడగని పని కూడా చేసి పంపేవాడు. ఓసారి ముందు దీపం వెలిగించి పంపాడు, నేను కొన్ననాటి నుంచీ వెలగని దీపం! ఇంకోసారి వెనక కొక్కెం సరిచేశాడు. పనివాడంటే అలా ఉండాలని చెప్పు నీ మొగుడికి. పాపం కొట్టు మూసేసి ఊరెళ్ళిపోయాడు గానీ, లేకపోతే ఈ రోజు ఈ కర్మేమిటి నాకు."

"అలాగా. దీపం బాగా వెలిగేదా అని అడుగు."

"దివ్యంగా వెలిగేదని చెప్పు."

"కొక్కెం?"

"ఎన్ని పెట్టెలు తగిలించినా ఊడేది కాదు. అయినా ఇదంతా అతనికెందుకట?"

"ఏం లేదు, ఊరికే. సరే, కింది మరమేకులు తీస్తున్నానని చెప్పు. ముందు ఎడమవైపుది. అది పొట్టిది, అది రాకుండా రెండోది కదలదు."

"ఏమిటీ?"

"నాన్నా, ఎడమవైపుది పొట్టిదట."

"అది నాకూ తెలుసమ్మా. తొమ్మిదేళ్ళుగా ముట్టుకోనివాడికి అది పొట్టిదని ఎలా తెలిసిందని అడుగు."

"చూస్తే తెలియదూ? తల చిన్నదిగా ఉంది. ఎన్ని మోటార్లు విప్పలేదు నేను! ఆ... పైడొప్ప వచ్చింది. ఇక మోటారు... అయ్యయ్యో."

"ఏంటండీ?"

"ఏంటమ్మా? ఏమంటున్నాడు?"

"ఇది మోటారు కాదు, నూనెలో ఊరేసిన మోటారు. ఇలా చూడు. ఈ రాగి పలకల మీద బొగ్గుముక్కలు రెండూ రాసుకుంటూ తిరగాలి, అప్పుడే కరెంటు పోతుంది. నూనె దిగి, బొగ్గుపొడి కలిసి, పలకల సందులన్నీ కాటుక పూసినట్టు నల్లగా గడ్డకట్టాయి. పేపరు మీద ఎలా కారుతోందో చూడు. ఎవరు పోశారిది? అడుగు మీ నాన్నగారిని!"

"నేనా? నేను నూనె సీసా జోలికే పోను! పోసిన అలవాటు ఎవరికుందో ఇంట్లో అందరికీ తెలుసని చెప్పు!"

"నాన్నా, అరవకు... నా వల్ల కావట్లేదు... అదిగో, గడియారం కొడుతోంది. ఒకటి. రెండు. మూడు. ఇక మీ ఇష్టం, మీ ఇంజను ఇష్టం."

"నాలుగు కొడితే కొట్టింది గానీ, ఈ ఒక్కటీ అడిగెయ్యమ్మా. పోయిన బుధవారం దాకా చక్కగా తిరిగింది. గురువారం తియ్యగానే మూలిగింది. బుధవారం రాత్రి దాన్ని ఎవరు ముట్టుకున్నారో అడుగు. ... అమ్మాయ్? ... అడగవేం?"

"నేను ముట్టుకోలేదని చెప్పు. ... ఏమోయ్? ... అలా పలక ఎత్తుతావేంటి?"

"ఏం రాసింది?"

"'కొట్టు మూసేశాం' అని రాసింది."

"వెక్కిరింపా? గొంతు పోయినా బుద్ధి పోలేదు. సరే, చూడమ్మా, నేను నీతోనే మాట్లాడుతున్నాను, వినేవాళ్ళు వింటారు. ఈ ఇంట్లో మోటార్ల మీద నూనె పోసే మనిషి ఒక్కడే."

"నేనూ నీతోనే అంటున్నాను, వినేవాళ్ళు వినొచ్చు. నేను పోస్తే సూదిమొన మీద నిలిచేంత పోస్తాను, అదీ ఇరుసు దగ్గర. ఈ మోటారుకి నూనె సంగతి నాకంటే ఎవరికీ..."

"నీకంటే ఎవరికి తెలుసు! అందుకే కదా ఆ రోజు తగలబెట్టావు!"

"నేను తగలబెట్టలేదండీ మామయ్యగారూ! రెండే చుక్కలు! ... ఉండండి, ఇప్పుడు మీరు నాతో మాట్లాడారా?"

"లేదు. అమ్మాయితో మాట్లాడుతున్నాను. నువ్వు మధ్యలో దూరావు."

"'నీకంటే' అన్నారు. 'నువ్వు' అంటున్నారు."

"అమ్మాయ్, నేను అన్నానా? ... పలకడ్డం పెట్టుకుని నవ్వకు! దగ్గొస్తుంది. దగ్గు కూడా వద్దంది డాక్టరమ్మ. కూర్చో, మంచినీళ్ళు తాగు. సరే అన్నాను, పొరపాటున అన్నాను. ఇంజను తిరగలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. నీ పని నువ్వు చెయ్యవయ్యా. ఇదీ లెక్కలోకి రాదు."

"రానివ్వకండి. ఆ దూది అందుకోండి. అదికాదు, అగ్గిపుల్లకి చుట్టింది. ఆ స్పిరిట్‌లో ముంచివ్వండి. ఒక్కొక్క రాగి పలకా ఇలా తుడిచి, సందుల్లో మురికిని పళ్ళు కుట్టుకునే పుల్లతో లాగాలి. సూదితో లాగితే రాగి మీద గీత పడుతుంది."

"అది నాకు తెలుసు."

"మీకు తెలుసని నాకు తెలుసు. అమ్మాయికి చెప్తున్నాను."

"ఊఁ. ఆ బొగ్గుముక్కలు పనికొస్తాయా?"

"పనికిరావు, నూనె తాగేశాయి. కొత్తవి వేస్తాను. ఉండండి, జేబులో ఉన్నాయి."

"ఏవి?"

"ఇవే. ఈ రెండూ."

"ఆగు. ఆగవయ్యా. బియ్యపుగింజంత బొగ్గుముక్కలు. నీ మిల్లు మోటార్లకి ఇటుకలంత ఉంటాయి. చొక్కా జేబులో ఇవి ఎందుకున్నాయి? సరిగ్గా ఈ ఇంజను కొలతకి?"

"ఉంటాయండీ, అప్పుడప్పుడు..."

"అప్పుడప్పుడు? మేకు పొట్టిదని విప్పకముందే చెప్పావు. దీపం వెలిగిందా, కొక్కెం ఊడిందా అని ఆరా తీశావు. బొగ్గుముక్కలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు. చెప్పు ఇక."

"చెప్పేదేముంది. గడియారాలాయనకి మొదటి నుంచీ చేతులు వణుకుతాయి. గడియారాలే వాళ్ళబ్బాయి చేసేవాడు. మీరు ఇంజను ఇచ్చి వీధి మలుపు తిరగ్గానే ఆయన దాన్ని గుడ్డలో చుట్టి నా కొట్టుకి తెచ్చేవాడు. పద్దెనిమిది సార్లు. దీపం నేనే పెట్టాను. కొక్కెం నేనే సరిచేశాను. పద్దెనిమిది సార్లు బాగుచేశాను గానీ, అది పట్టాల మీద పోతుంటే ఒక్కసారీ చూళ్ళేదండీ. మీరు తిప్పుతుంటే నేను వంటింట్లో కూర్చుని చప్పుడు వినేవాణ్ణి. మలుపులో కొంచెం గొణిగితే, అయ్యో అక్కడ ఇంకాస్త రుద్దాల్సింది అనుకునేవాణ్ణి. అంతే."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వేనని. మొదటిసారే తెలుసు. గడియారాల కొట్లో మోటారు తీగలకి పూసే వార్నిష్ వాసన రాదయ్యా. ఇంజను తెచ్చి బల్ల మీద పెడితే గదంతా నీ చొక్కా వాసన. ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఆ వాసన పీలుస్తున్నాను, గుర్తుపట్టనా?"

"మొదటిసారే తెలిస్తే... మరి ఒట్టు తీరినట్టేగా! నా చేత్తో బాగుచేశాను, మీ కళ్ళముందు తిరిగింది! మరెందుకు మాట్లాడలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను."

"మీరు అడుగుతారేమోనని నేను చూశాను."

"తొమ్మిదేళ్ళు చూశావా?"

"మీరు చూడలేదూ?"

"అమ్మాయ్, అలా చూడకు. ఆ చూపుకి గొంతు అక్కర్లేదు. తప్పు నాది కూడా ఉంది. ఊరందరికీ చెప్పుకున్నాను కదా, మాట్లాడను మాట్లాడనని. మొదటి నెల కోపం. తర్వాత కోపం పోయింది గానీ సిగ్గేసింది. ఇన్నాళ్ళూ బిగుసుకుని కూర్చుని ఇవాళ ఏమని మొదలుపెట్టను, టీ తాగావా అని అడగనా? అలాగే ఇంకో ఏడు పోయేది. ఇంజను పాడైతే మాత్రం సంతోషంగా ఉండేది. ఈసారి ఏం పెట్టి పంపుతాడో చూద్దామని."

"పోయినసారి ఏం చేశానో కనిపెట్టారా?"

"ఇంజను వెనక గదిలో డ్రైవరు బొమ్మకి టోపీ పెట్టావు."

"మిగతావాళ్ళు ఎవరూ చూళ్ళేదు."

"నా టోపీ రంగే వేశావు. ఎందుకు చూడను. ... సరే, చక్రాలు బిగించు. కళ్ళకేదో స్పిరిట్ తగిలింది నాకు."

"స్పిరిట్ నా దగ్గరుంది మామయ్యగారూ."

"ఎక్కడున్నా తగులుతుంది! బిగించు."

"బిగించాను. ఇరుసుకి ఒక చుక్క. చూడండి, మీరే చూడండి, తర్వాత మాటొద్దు. సూదిమొన మీద ఒకటి. అటుపక్క ఇంకోటి. రెండు. ఇవీ నా రెండు చుక్కలు. ఆ రోజూ ఇంతే."

"చూశాను. పట్టాల మీద పెట్టు. మీట నేను తిప్పుతాను."

"మెల్లగా. మొదటి చుట్టు మెల్లగా తిప్పండి, కొత్త బొగ్గు సర్దుకోవాలి."

"నాకు ఇంజను నడపడం నేర్పిస్తున్నాడమ్మా నీ మొగుడు. ... కదిలింది. ... కదిలిందిరా! దీపం చూడు! మలుపు తిరుగుతోంది... ఏమీ గొణగట్లేదు!"

"సందులు బాగా తీశాను ఈసారి. అబ్బ! ఇంత బాగా పోతుందా ఇది! చప్పుడుతో సరిపెట్టుకున్నాను ఇన్నేళ్ళూ."

"అల్లుడూ."

"ఆఁ మామయ్యగారూ."

"టీ తాగావా?"

"ఇంకా లేదండీ."

"నేను పెడతాను. అమ్మాయిని లేవనివ్వకు. ... అయినా ఒక్క మాట. మనలో మనకి దాపరికం వద్దు. ఈ వారం నూనె నువ్వు పోయలేదా?"

"ఒట్టు. మీరు?"

"ఒట్టు. మరి ఈ చెంబుడు నూనె ఆకాశంలోంచి పడిందా?"

"నాకూ అదే అర్థం కావట్లేదు. మురికి కలవకుండా పేపరు మీద కారింది చూడండి, నీళ్ళలా తెల్లగా ఉంది. నా కొట్లో నూనె పసుపుపచ్చగా ఉంటుంది."

"తెల్లగానా? ఏదీ, ఇలా తే. ఆ రోజు కూడా తెల్లగానే కారిందయ్యా. నా పంచె మీద పడింది, మరకే పడలేదు. నాకు బాగా గుర్తు."

"ఆ రోజూ తెల్లగానే కారిందా? మరి నేను వేసింది పసుపు నూనె! నేను చెప్తూనే ఉన్నాను కదండీ, రెండే చుక్కలని! ఈ ఇంట్లో తెల్ల నూనె ఇంకెక్కడుంది? ఒక్క కుట్టుమిషను..."

"అమ్మాయ్."

"ఏదో రాస్తోందండీ. ఉండండి. 'ఆ రోజు ఆయన కంటే ముందు నేను పోశాను. కొత్తగా వచ్చిన మనిషి ముందు ఇంజను కీచుమంటే బాగుండదని. సీసాలో సగం.'"

"సగం సీసా!"

"తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళు నా రెండు చుక్కల్ని ఈ ఇంట్లో ఒక్కరు నమ్మలేదు! పక్కలో పడుకున్న మనిషి కూడా 'ఏమో మరి, ఎక్కువ పడ్డాయేమో' అనేది!"

"ఎందుకు చెప్పలేదమ్మా? ఇటు మాట అటు ఇన్ని లక్షలు మోశావు, ఈ ఒక్కటీ మొయ్యలేకపోయావా?"

"తుడుస్తోంది. మళ్ళీ రాస్తోంది. 'మొదటి నెల భయం. తర్వాత నాన్నలాగే సిగ్గు. రోజంతా మీ మాటలే మోశాను, నీ మాటేంటని ఇద్దరూ ఎప్పుడూ అడగలేదు.' అయ్యో, ఏడవకు. ఏమోయ్, ఏడవకు, ఏడుపూ గొంతుకి మంచిది కాదు. తప్పు మాది. మామయ్యగారూ, మీరూ చెప్పండి."

"తప్పు మాదే తల్లీ. ఊరుకో. అది తెలీక చేసిన పని, పోనీ. కానీ మరి ఈ బుధవారం ఎవరు పోశారు? అది తేలలేదుగా?"

"ఇంకా రాస్తోందండీ. అక్షరాలు చిన్నగా ఉన్నాయి, మీ కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి."

"ఏదీ... 'అదీ నేనే. అప్పుడు తెలీక పోశాను. మొన్న తెలిసే పోశాను.'"